క్యూఎము గిట్ నుంచి బిల్డ్ చేసి లిబ్‌వర్ట్ టెస్ట్ డేటా తీయాలా? డిస్ట్రో ప్యాకేజీ సరిపోదా?

వడ్డేపల్లి_కట్ట | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. హనుమకొండలో ఎంటెక్ చేస్తున్నాను. ప్రాజెక్టు వర్చువలైజేషన్ మీద. అందులో భాగంగా లిబ్‌వర్ట్‌కి (వర్చువల్ మెషీన్లని, అంటే వీఎంలని, నిర్వహించే సాఫ్ట్‌వేర్) ఒక ప్యాచ్ (కోడ్ మార్పు) పంపాలని ఉంది. క్యూఎములో (ఆ వీఎంలని నిజంగా నడిపే ప్రోగ్రామ్) కొత్తగా వచ్చిన ఒక డివైస్ ప్రాపర్టీ ఉందో లేదో లిబ్‌వర్ట్ గుర్తుపట్టేలా చేయడమే పని. కోడ్ చిన్నదే. చిక్కంతా టెస్టుల దగ్గర వచ్చింది. టెస్టుల ఫోల్డర్‌లో ఒక్కో క్యూఎము వెర్షన్‌కి ఒక్కో 'రిప్లైస్' ఫైలు, దాని పక్కనే ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు ఉన్నాయి. నాకు కావలసిన ప్రాపర్టీ వాటిలో దేంట్లోనూ లేదు. అంటే కొత్తగా తీయాలి.

నా లాప్‌టాప్‌లో ఉన్న క్యూఎము పాతది. రూమ్మేట్ దగ్గర కొత్త లినక్స్ డిస్ట్రో ఉంది, అందులో ఆ ప్రాపర్టీ కనిపిస్తోంది. ఆ ప్యాకేజీ నుంచి తీసి పెడితే అయిపోతుంది కదా అనుకుంటే, సీనియర్ ఒకాయన "గిట్ (ప్రాజెక్టు సోర్సు కోడ్ ఉండే చోటు) నుంచి బిల్డ్ చేసి తీస్తేనే తీసుకుంటారు" అన్నాడు. ఎందుకని అడిగితే అదంతే అన్నాడు. ఎవరైనా కారణం చెప్తారా?

(ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉంది, కమాండ్లు కూడా తెలుగులోనే రాస్తాను, ఏమనుకోకండి.)

కాజీపేట_లోకో | శనివారం, రాత్రి 10:03

తమ్మీ, ముందు ఆ ఫైల్లో ఏముందో చూస్తే మీ సీనియర్ మాట దానంతటదే అర్థమవుతుంది.

లిబ్‌వర్ట్‌కి ఒక క్యూఎము బైనరీ చూపిస్తే, దాని వెర్షన్ నంబర్ చూసి 'దీనికి ఇవన్నీ వచ్చు' అని ఊహించుకోదు. ఎందుకంటే ఒకే వెర్షన్‌ని ఇద్దరు రెండు రకాలుగా బిల్డ్ చేసుకోవచ్చు. అందుకని ఆ బైనరీని 'మెషీన్ నన్' అనే ఖాళీ మెషీన్‌తో లేపుతుంది. డిస్కు లేదు, గెస్టు (వీఎం లోపల నడిచే ఓఎస్) లేదు. క్యూఎంపీ (క్యూఎముతో వేరే ప్రోగ్రాములు మాట్లాడే భాష) సాకెట్ మీద జేసన్‌లో ప్రశ్నలు వేస్తుంది: నీ వెర్షన్ ఎంత, ఏ కమాండ్లు వచ్చు, ఏ డివైసులు ఉన్నాయి, ఈ డివైస్‌కి ఏ ప్రాపర్టీలు ఉన్నాయి, ఏ సీపీయూ మోడళ్లు తెలుసు, ఏ మెషీన్ టైపులు ఉన్నాయి. 'క్వెరీ-క్యూఎంపీ-స్కీమా' అని అడిగితే మొత్తం క్యూఎంపీ భాషకు వ్యాకరణం అంతా కక్కేస్తుంది.

ఆ ప్రశ్నలూ జవాబులూ వరుసగా రాసి పెట్టిందే రిప్లైస్ ఫైలు. టెస్టు నడిచేటప్పుడు అసలు క్యూఎము ఉండదు. లిబ్‌వర్ట్ ప్రశ్న వేస్తుంది, ఫైల్లోంచి జవాబు వస్తుంది. అందుకే క్యూఎము అసలే లేని మెషీన్ మీద కూడా టెస్టులు నడుస్తాయి. ఆ జవాబుల నుంచి లిబ్‌వర్ట్ ఏం అర్థం చేసుకుందో ఆ పక్కనున్న ఎక్స్ఎంఎల్‌లో ఉంటుంది.

నా లెక్కన ఇది పంచనామా లాంటిది. చూసింది చూసినట్టు రాయాలి, ఎక్కడ చూశామో రాయాలి. డిస్ట్రో ప్యాకేజీ నుంచి రాస్తే నువ్వు చూసింది క్యూఎముని కాదు, ఆ డిస్ట్రో వాళ్లు మలిచిన క్యూఎముని.

రైలు దిగుతున్నా. మిగతాది రేపు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ | శనివారం, రాత్రి 11:40

ఒక మాట అడుగుతా లోకో అన్నా. నేను సర్వర్లు చూసుకునే మనిషిని. మా దగ్గర నడిచే ప్రతి వీఎం డిస్ట్రో ప్యాకేజీ మీదే నడుస్తుంది. గిట్ నుంచి బిల్డ్ చేసిన క్యూఎముని ప్రొడక్షన్‌లో పెట్టేవాడు ఎవడు? జనం వాడేదాన్ని వదిలేసి ఎవరూ వాడని బైనరీ మీద టెస్టులు రాస్తే ఎవరికి లాభం?

భద్రకాళి_బండ్ | శనివారం, రాత్రి 11:52

నైట్‌షిఫ్ట్ అన్న డ్యూటీలో ఉన్నాడని పోస్టు టైమ్ చూస్తేనే తెలుస్తోంది. 😄

మానేరు_గట్టు | ఆదివారం, ఉదయం 7:30

గోదావరిఖని తమ్ముడు అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేను జవాబు చెప్తాను. కరీంనగర్‌లో ఇంటి నుంచే పని, చాలాకాలంగా ఇదే రంగం.

డిస్ట్రో ప్యాకేజీలో ఏం మారుతుందో చూడండి. రెడ్ హ్యాట్ కుటుంబంలో మెషీన్ టైపుల పేర్లే వేరు, 'పీసీ-క్యూ35-రెల్' అని మొదలవుతాయి. వాళ్లు సపోర్ట్ చేయని డివైసులు బిల్డ్‌లోనే తీసేస్తారు. ఉబుంటులో విడుదల పేరుతో సొంత మెషీన్ టైపులు ఉంటాయి, 'పీసీ-క్యూ35-జామీ' లాగా. డెబియన్‌లో క్యూఎము ఒకే ప్యాకేజీ కాదు, కొన్ని డ్రైవర్లు వేరే ప్యాకేజీల్లో ఉంటాయి. స్పైస్ (వీఎం తెరని దూరం నుంచి చూపేది) మాడ్యూల్ ప్యాకేజీ వేసుకోకపోతే ఆ డివైసులు జవాబుల్లోకే రావు. ఇక ముందు వెర్షన్ల నుంచి వెనక్కి తెచ్చి అతికించిన ప్యాచ్‌లు సరేసరి. వెర్షన్ చూస్తే పాతది, ఫీచర్ చూస్తే కొత్తది.

అలాంటి ఫైలు '10.1.0' పేరుతో ఫోల్డర్‌లో కూర్చుంటే, రేపు ఇంకొకరు "10.1లో ఈ డివైస్ లేదు" అనుకుని కోడ్ రాస్తారు. అన్ని డిస్ట్రోలూ బయలుదేరేది అప్‌స్ట్రీమ్ (అసలు క్యూఎము ప్రాజెక్టు) నుంచే కాబట్టి అక్కడి జవాబే అందరికీ ఉమ్మడి.

కానీ అసలు కారణం ఇది కూడా కాదు. అసలు కారణం టైమింగ్. క్యూఎముకి ఏడాదికి మూడు విడుదలలు: ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్ ప్రాంతాల్లో. 9.2 వచ్చింది 2024 డిసెంబర్‌లో, 10.0 2025 ఏప్రిల్‌లో, 10.1 అదే ఏడు ఆగస్టులో. విడుదలకు ముందు సాఫ్ట్ ఫ్రీజ్, తరువాత హార్డ్ ఫ్రీజ్ (కొత్త ఫీచర్లు తీసుకోవడం ఆపే దశలు), ఆపైన వారానికొకటి చొప్పున ఆర్‌సీలు (విడుదలకు ముందు పరీక్ష వెర్షన్లు). లిబ్‌వర్ట్ మాత్రం దాదాపు నెలనెలా వస్తుంది. క్యూఎములో ఎవరో ఒక కమాండ్‌ని మార్చారనుకోండి. విడుదలై, డిస్ట్రోలోకి వచ్చి, మీ సర్వర్ మీదకి చేరాక తెలిస్తే ఏం చేస్తాం? ఆ ఇంటర్‌ఫేస్ అప్పటికే జనంలో ఉంది, వెనక్కి తీసుకోలేరు. ఫ్రీజ్‌కి ముందే గిట్ హెడ్ (అప్పటి తాజా కోడ్) నుంచి డేటా తీస్తే మనకు అప్పుడే తెలుస్తుంది. వాళ్లకి మెయిల్ రాస్తే మార్చడానికి వ్యవధి ఉంటుంది.

మీ సర్వర్లు వాడబోయేది ఇవాళ గిట్‌లో ఉన్నదే తమ్ముడూ. కాకపోతే ఏడాది ఆలస్యంగా.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ | ఆదివారం, ఉదయం 8:05

ఒప్పుకుంటున్నా అక్కా, సగం. మిగతా సగం తరువాత వాదిస్తా, ఇప్పుడు నిద్ర.

వడ్డేపల్లి_కట్ట | ఆదివారం, ఉదయం 10:20

అక్కా, మస్తు క్లియర్‌గా చెప్పారు. బిల్డ్ మొదలుపెట్టాలంటే ఏమేం చూసుకోవాలి? నాది ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్.

మానేరు_గట్టు | ఆదివారం, ఉదయం 11:15

ఆ లాప్‌టాప్ చాలు, జర ఓపిక ఉండాలి. టార్గెట్ లిస్ట్‌లో 'ఎక్స్86_64-సాఫ్ట్ఎంఎంయూ' ఒక్కటే ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే క్యూఎముకి తెలిసిన ఆర్కిటెక్చర్లన్నీ బిల్డ్ చేస్తుంది, సాయంత్రం దాకా ఫ్యాను మోగుతుంది. నింజాకి (బిల్డ్ నడిపే టూల్) ఒకేసారి ఎన్ని జాబ్‌లో చెప్పి తగ్గించుకోండి, లేకపోతే ర్యామ్ నిండి అంతా స్వాప్‌లోకి పోతుంది. డాక్యుమెంటేషన్ బిల్డ్ ఆపేయొచ్చు.

ఇక్కడ జనం జారిపడే చోటు ఒకటి ఉంది. క్యూఎము కాన్ఫిగర్ (బిల్డ్‌కి ముందు నడిపే స్క్రిప్టు) చాలా మర్యాదస్తురాలు. ఒక లైబ్రరీ డెవలప్‌మెంట్ ప్యాకేజీ మీ సిస్టమ్‌లో లేకపోతే ఎర్రర్ ఇవ్వదు, ఆ ఫీచర్‌ని చప్పుడు లేకుండా వదిలేసి ముందుకు పోతుంది. స్పైస్ లేదా? క్యూఎక్స్ఎల్ వీడియో డివైస్ పోతుంది. యూఎస్‌బీ రీడైరెక్షన్ లైబ్రరీ లేదా? ఆ డివైస్ పోతుంది. వర్గిల్‌రెండరర్ లేదా? జీఎల్‌తో నడిచే వర్టియో వీడియో పోతుంది. బిల్డ్ మాత్రం పచ్చగా పూర్తవుతుంది. మీరు డేటా తీసి డిఫ్ (పాత, కొత్త ఫైళ్ల తేడా) చూస్తే 'క్యూఎములోంచి ఇన్ని డివైసులు తీసేశారా!' అనిపిస్తుంది. ఎవరూ తీయలేదు, మీ దగ్గరే లేవు.

కాబట్టి కాన్ఫిగర్ చివర వచ్చే సమ్మరీని పాత ఫైల్లో ఉన్న డివైసులతో పోల్చి చూసుకోండి. 'నో' అని ఉన్న ప్రతిదానికీ మీ దగ్గర సమాధానం ఉండాలి. ఆ ఫీచర్ తప్పనిసరి అనుకుంటే 'ఎనేబుల్' అని స్పష్టంగా ఇవ్వండి. అప్పుడు లైబ్రరీ లేకపోతే కాన్ఫిగర్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఇన్‌స్టాల్ చేయొద్దు. బిల్డ్ ఫోల్డర్‌లోంచే బైనరీ నడుస్తుంది. ఖాళీ మెషీన్ కాబట్టి బయోస్ ఫైళ్లతో కూడా పనిలేదు. ఇన్‌స్టాల్ చేస్తే మీ డిస్ట్రో క్యూఎముతో కలగాపులగం అవుతుంది.

లిబ్‌వర్ట్‌ని కూడా గిట్ నుంచి బిల్డ్ చేస్తే టెస్టుల ఫోల్డర్‌లో 'క్యూఎముక్యాప్స్‌ప్రోబ్' అనే చిన్న ప్రోగ్రామ్ తయారవుతుంది. దానికి మీ బైనరీ దారి ఇస్తే జవాబులన్నీ తెరమీద పోస్తుంది. దాన్ని ఫైల్లోకి మళ్లించుకోవడమే.

కాజీపేట_లోకో | ఆదివారం, మధ్యాహ్నం 12:40

అక్క చెప్పినదానికి కలుపుతున్నా. నడిపే ముందు /దేవ్/కేవీఎం (కేవీఎం అంటే సీపీయూ సాయంతో వీఎంలని వేగంగా నడిపే లినక్స్ కెర్నల్ భాగం) మీద నీ యూజర్‌కి అనుమతి ఉందో లేదో చూసుకో. కేవీఎం గ్రూపులో లేకపోతే ప్రోబ్ ఆగదు, కేవీఎం లేకుండా టీసీజీతోనే (క్యూఎము సాఫ్ట్‌వేర్‌లోనే చేసే ఎమ్యులేషన్) పని కానిచ్చేస్తుంది. కేవీఎం ఉంటే క్యూఎముని రెండుసార్లు లేపుతుంది: ఒకసారి కేవీఎంతో, ఇంకోసారి వట్టి టీసీజీతో. సీపీయూ జవాబులు రెండింటికీ వేరువేరు కాబట్టి. నీ ఫైల్లో రెండో విడత లేకపోతే అనుమతి దగ్గరే ఏదో తేడా ఉంది.

ఫైలు పేరు గురించి కూడా ఇప్పుడే చెప్తా, తరువాత అడుగుతావు. 10.0 విడుదలయ్యాక గిట్‌లో వెర్షన్ 10.0.50 అని ఉంటుంది. అంటే 10.1 వైపు నడుస్తున్నామని. ఆర్‌సీలు మొదలైతే 10.0.90, 91 అలా పోతుంది. ఫైలుకి మాత్రం రాబోయే విడుదల పేరే పెడతారు, 10.1.0 అని. లోపల వెర్షన్ జవాబులో 50 అనే ఉంటుంది, దాన్ని ముట్టుకోకు. అక్కడే 'ప్యాకేజ్' అనే గడిలో గిట్ డిస్క్రైబ్ ఇచ్చిన స్ట్రింగ్ ఉంటుంది: ఏ ట్యాగ్ తరువాత ఎన్నో కమిట్, ఏ హ్యాష్. ఈ డేటా ఎక్కడిదో తెలిసేది దాంతోనే. చివర 'డర్టీ' అని కనిపిస్తే నీ సోర్సు ఫోల్డర్‌లో కమిట్ చేయని మార్పులున్నాయని అర్థం. అలాంటి ఫైలు పంపకు. టార్‌బాల్ (విడుదల సోర్సు ఆర్కైవ్) నుంచి బిల్డ్ చేస్తే ఆ గడి ఖాళీగా వస్తుంది.

వడ్డేపల్లి_కట్ట | ఆదివారం, సాయంత్రం 6:48

బిల్డ్ అయింది. ప్రోబ్ నడిచింది. విర్-టెస్ట్-రీజెనరేట్-అవుట్‌పుట్ అనే వేరియబుల్‌ని 1 చేసి టెస్టులు నడిపితే పక్క ఎక్స్ఎంఎల్ కూడా దానంతటదే వచ్చింది. నా ప్రాపర్టీ ఉంది, సంతోషం.

కానీ ఫోల్డర్‌లో రాబోయే విడుదల పేరుతో ఫైలు ఇదివరకే ఒకటి ఉంది (సైకిల్ మొదట్లో ఎవరో పెట్టారు, అప్పటికి నా ప్రాపర్టీ రాలేదు). దాని మీద నాది వేస్తే డిఫ్ వేల లైన్లు. డొమైన్ కేపబిలిటీస్ (ఈ క్యూఎముతో వీఎంలకి ఏమేం ఇవ్వొచ్చో చెప్పే జాబితా) టెస్టుల అవుట్‌పుట్లు, కమాండ్‌లైన్ టెస్టుల అవుట్‌పుట్లు కూడా కొన్ని మారాయి. సీపీయూ భాగంలో 'ఎస్వీఎం' పోయి 'వీఎంఎక్స్' తో మొదలయ్యేవి బోలెడు వచ్చాయి. ఇదంతా మామూలేనా? కొంచెం టెన్షన్‌గా ఉంది.

భద్రకాళి_బండ్ | ఆదివారం, సాయంత్రం 6:55

కరెంటు పోకుండా బిల్డ్ పూర్తయింది చూడు, ముందు దానికి కొబ్బరికాయ కొట్టు.

మానేరు_గట్టు | ఆదివారం, రాత్రి 8:20

ఎస్వీఎం, వీఎంఎక్స్ రెండూ సీపీయూలోని వర్చువలైజేషన్ ఫీచర్లే: ఎస్వీఎం ఏఎండీది, వీఎంఎక్స్ ఇంటెల్‌ది. ఆ ఫైలు తీసిన మెషీన్ ఏఎండీ, మీది ఇంటెల్. అంతే. క్యూఎము మారినందుకు వచ్చిన తేడా కాదది, మెషీన్ మారినందుకు వచ్చింది.

ఈ ఒక్క విషయం అర్థమైతే సగం పని తెలిసినట్టే, కాబట్టి వివరంగా రాస్తున్నా. జవాబుల్లో రెండు రకాలుంటాయి. మొదటి రకం బైనరీకి సంబంధించినవి: స్కీమా, కమాండ్లు, డివైసులు, మెషీన్ టైపులు. ఒకే సోర్సు, ఒకే కాన్ఫిగర్ అయితే ఇవి మీ ఇంట్లో అయినా మా ఇంట్లో అయినా ఒకటే. రెండో రకం హోస్ట్‌కి సంబంధించినవి. 'హోస్ట్' సీపీయూ మోడల్‌ని విడమర్చి చెప్పమంటే వచ్చే జవాబు సిలికాన్ మీద, మైక్రోకోడ్ మీద, కెర్నల్‌లోని కేవీఎం మీద ఆధారపడుతుంది. ఏ సీపీయూ మోడల్‌కి మీ మెషీన్‌లో ఏ ఫీచర్లు అందుబాటులో లేవో చెప్పే జాబితా కూడా అంతే. కెర్నల్ అప్‌డేట్ చేశాక అదే బైనరీ, అదే లాప్‌టాప్ మీద కూడా ఇందులో ఒకటి రెండు లైన్లు మారొచ్చు.

ఉన్న ఫైలుని వేరే తయారీదారు సీపీయూతో తీసి మార్చేస్తే మొదటి రకం మార్పులు రెండో రకం గోలలో మునిగిపోతాయి. చూసేవాళ్లకి ఏది క్యూఎము మార్చింది, ఏది మీ లాప్‌టాప్ మార్చింది తెలియదు. అందుకే మెయింటైనర్లు వరుస వెర్షన్లకి వీలైనంతవరకు ఒకే మెషీన్ వాడతారు. నిజంగా వేరే హార్డ్‌వేర్ జవాబులు కావాలంటే ఫైలు పేరు చివర వేరియంట్ పెడతారు, ఏఎండీ ఎస్ఈవీకి (వీఎం మెమరీని ఎన్‌క్రిప్ట్ చేసేది) ఒకటి, మ్యాక్ హెచ్‌వీఎఫ్‌కి (కేవీఎం లాంటిదే, మ్యాక్‌లో) ఒకటి.

మీరేం చేయాలంటే: ఏఎండీ మెషీన్ దొరికితే దాని మీద తీయండి. అప్పటికీ సీపీయూ మోడల్ తేడా ఉంటే మెయిల్‌లో చెప్పండి. లేకపోతే కోడ్ ప్యాచ్ పంపి, 'డేటా కొత్తగా తీయాలి, ఫలానా కమిట్ తరువాతిది కావాలి' అని అడగండి. అడగడంలో నామోషీ లేదు, అది వాళ్లు ఎలాగూ చేసే పనే. ఒకే సైకిల్‌లో రెండు మూడుసార్లు తాజా చేస్తారు, విడుదలయ్యాక చివరిసారి.

వడ్డేపల్లి_కట్ట | ఆదివారం, రాత్రి 8:41

ఒక అడ్డదారి అడుగుతా, తిట్టకండి. సీపీయూ భాగం పాత ఫైల్లోది ఉంచి, డివైస్ భాగం నా ఫైల్లోది అతికిస్తే?

కాజీపేట_లోకో | ఆదివారం, రాత్రి 9:30

తిట్టను గానీ, వద్దు. అప్పుడది ఏ మెషీన్ మీదా ఎప్పుడూ పుట్టని జవాబు అవుతుంది. వెర్షన్ గడిలో ఒక కమిట్, లోపల ఇంకో కమిట్ నాటి సీపీయూ జాబితా. ఆరు నెలల తరువాత ఎవరో ఒక వింత బగ్ వెంటపడి ఈ ఫైలు దాకా వచ్చి తల పట్టుకుంటారు.

పైగా చేతితో అతికించడం అనుకున్నంత తేలిక కాదు. ప్రతి జవాబుకీ 'లిబ్‌వర్ట్-1', 'లిబ్‌వర్ట్-2' అని వరుస నంబరు ఉంటుంది. మధ్యలో ఒకటి దూరిస్తే కింద ఉన్నవన్నీ జరగాలి. దానికి నంబరింగ్ టూల్ వేరే ఉంది, అది సరిచేస్తుంది.

ములుగురోడ్_పై | ఆదివారం, రాత్రి 9:58

లోకో గారూ, మీరు మరీ కట్టుగా చెప్తున్నారు. ఆ నంబరింగ్ టూల్ ఉన్నదే చేతితో దిద్దే సందర్భాలు ఉన్నాయి కాబట్టి. లిబ్‌వర్ట్‌లో కొత్తగా ఒక ప్రశ్న చేరిస్తే పాత ఫైళ్లన్నిటిలో దానికి జవాబు ఉండదు, టెస్టులు అన్నీ పడిపోతాయి. నాలుగైదేళ్ల కిందటి క్యూఎముని ఇప్పటి కంపైలర్‌తో బిల్డ్ చేయబోతే అది వేరే యుద్ధం. అప్పుడు పాత ఫైల్లో జవాబు చేర్చక ఏం చేస్తారు?

కాజీపేట_లోకో | ఆదివారం, రాత్రి 10:22

సార్, ఆ సందర్భం నిజమే, ఒప్పుకుంటా. కానీ అక్కడ చేర్చే జవాబు ఊహ కాదు. ఆ వెర్షన్‌లో ఆ డివైస్ లేదని మనకు సోర్సు చూసి తెలుసు, లేని డివైస్ అడిగితే క్యూఎము ఏ ఎర్రర్ ఇస్తుందో కూడా తెలుసు. ఆ ఎర్రరే రాస్తాం. ఉన్న డివైస్‌కి ప్రాపర్టీల జాబితా కావాలంటే మాత్రం ఆ వెర్షన్ బైనరీ నడపాల్సిందే, పాత డిస్ట్రో కంటైనర్‌లో బిల్డ్ చేసైనా సరే.

ఇంకో సంగతి. కొత్త ప్రశ్న అవసరం రాకుండా చూసుకోవడమే మంచి దారి. క్యూఎంపీ స్కీమా 2015 డిసెంబర్‌లో వచ్చిన 2.5 నుంచి ఉంది, ఫైల్లో అది పూర్తిగా దాచి పెట్టే ఉంటుంది. ఒక కమాండ్‌కి కొత్త ఆర్గ్యుమెంట్ వచ్చిందా లేదా అన్నది ఆ స్కీమాలో వెతికితే చాలు. కొత్త ప్రశ్న లేదు, పాత ఫైళ్లు కదలవు. వడ్డేపల్లి తమ్మీ, నీ ప్రాపర్టీ డివైస్ మీద ఉంది కదా, ఆ డివైస్ ప్రాపర్టీలు లిబ్‌వర్ట్ ఇప్పటికే అడుగుతోందేమో చూడు. అడుగుతుంటే పాత ఫైళ్లలో పని లేనట్టే.

వడ్డేపల్లి_కట్ట | ఆదివారం, రాత్రి 10:31

అడుగుతోంది అన్నా! పాత ఫైళ్ల టెస్టులు ఏవీ పడలేదు, అందుకేనన్నమాట.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ | సోమవారం, తెల్లవారుజామున 2:15

నా మిగతా సగం వాదన. ఈ డిఫ్ చదివి నాలాంటి వాడికి ఏం ఒరుగుతుంది? వేల లైన్ల జేసన్ మార్పు ఎవరు చదువుతారు? నైట్‌లీగా ఒక సర్వర్ మీద పెట్టేస్తే రోజూ అదే బిల్డ్ చేసి, అదే తీసి, అదే కమిట్ చేస్తుంది కదా. మనుషులెందుకు మధ్యలో?

మానేరు_గట్టు | సోమవారం, ఉదయం 7:45

చదివితే మీకే ఎక్కువ ఒరుగుతుంది. రెండు ఉదాహరణలు చెప్తాను.

ఒకటి. క్యారెక్టర్ డివైసులకి 'రీకనెక్ట్' అని ఒక ఆప్షన్ ఉంది, తెగిన సాకెట్‌ని ఎన్ని సెకన్లకి మళ్లీ కలపాలో చెప్పేది. 9.2లో దాన్ని డిప్రికేట్ చేసి (ఇక వాడొద్దు, తరువాత తీసేస్తాం అని ప్రకటించి) 'రీకనెక్ట్-ఎంఎస్' పెట్టారు. ఇది మిల్లీసెకన్లలో. మీ వీఎం ఎక్స్ఎంఎల్‌లో టైమ్ఔట్ 10 అని ఉంటే అది సెకన్లే, మీరేం మార్చనక్కర్లేదు. కానీ కింద లిబ్‌వర్ట్ కొత్త క్యూఎముకి 10000 అని పంపాలి, పాతదానికి 10 అనే పంపాలి. క్యూఎంపీ స్కీమాలో డిప్రికేట్ అయినవాటికి గుర్తు ఉంటుంది. లిబ్‌వర్ట్ తన టెస్టుల్లో తాను పంపే కమాండ్లని ఆ స్కీమాతో సరిచూస్తుంది. కొత్త డేటా పెట్టగానే డిప్రికేట్ అయినదాన్ని వాడుతున్న టెస్టు పడిపోతుంది. క్యూఎము పాలసీ ప్రకారం డిప్రికేట్ చేశాక కనీసం రెండు విడుదలలు ఆగి గానీ తీసేయరు. ఆ రెండు విడుదలల వ్యవధిలో మనం మారాలి. గిట్ నుంచి డేటా తీసేవాళ్లకి ఆ గడియారం మొదటి రోజే మోగుతుంది.

రెండోది మీదే. మెషీన్ టైపుల జాబితాలో కూడా 'డిప్రికేటెడ్' అనే గుర్తు వస్తుంది. వెర్షన్ ఉన్న మెషీన్ టైపులకి ఇప్పుడు ఒక నియమం పెట్టారు: మూడేళ్లు దాటితే డిప్రికేటెడ్, ఆరేళ్లు దాటితే తొలగింపు. మీ సర్వర్ల మీద ఎప్పుడో చేసిన వీఎంలు 'పీసీ-ఐ440ఎఫ్ఎక్స్-2 పాయింట్ ఏదో' మీద ఉన్నాయా లేవా?

ఇక నైట్‌లీ. బిల్డ్ ఆటోమేట్ చేయడం మంచిదే, నేనూ చేసుకుంటాను. కమిట్ మాత్రం మనిషే చేయాలి. ఒక లైబ్రరీ అప్‌డేట్ విఫలమై స్పైస్ లేకుండా బిల్డ్ అయితే మీ రోబో 'క్యూఎములో క్యూఎక్స్ఎల్ తీసేశారు' అని నమ్మి, టెస్టుల అవుట్‌పుట్లు కూడా తానే తిరగరాసి, అంతా పచ్చగా చూపిస్తుంది. రీజెనరేట్ వేరియబుల్‌తో ఉన్న ప్రమాదమే అది. ఏ టెస్టునైనా పాస్ చేయించేస్తుంది. కంటైనర్‌లో నడిపితే /దేవ్/కేవీఎం లోపలికి ఇచ్చారో లేదో అది ఇంకో తలనొప్పి.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ | సోమవారం, ఉదయం 8:10

ఉన్నాయక్కా. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలంటేనే భయమేస్తోంది. చేసినవాళ్లు రిటైరయ్యారు, వీఎంలు నడుస్తూనే ఉన్నాయి.

ఇంకో డౌట్. క్యూఎము ప్యాకేజీ అప్‌గ్రేడ్ చేశాక లిబ్‌వర్ట్ ఈ ప్రశ్నలన్నీ మళ్లీ వేస్తుందా, పాత జవాబులే పట్టుకుని కూర్చుంటుందా?

కాజీపేట_లోకో | సోమవారం, ఉదయం 8:52

మళ్లీ వేస్తుంది. జవాబులు /వార్/క్యాష్/లిబ్‌వర్ట్ కింద దాచుకుంటుంది గానీ, బైనరీ ఫైలు టైమ్ మారినా, లిబ్‌వర్టే మారినా, కెర్నల్ వెర్షన్ లేదా మైక్రోకోడ్ మారినా ఆ క్యాష్‌ని పక్కన పడేస్తుంది. 'విర్ష్ డొమ్‌కేపబిలిటీస్' కొట్టు. నీ సర్వర్ మీద నీ క్యూఎము ఏం చెప్తోందో కనిపిస్తుంది. టెస్ట్ ఫోల్డర్‌లోని డొమైన్ కేపబిలిటీస్ ఫైళ్లు దాని రూపమే.

ములుగురోడ్_పై | సోమవారం, ఉదయం 9:20

ఏఆర్ఎం గురించి ఎవరూ మాట్లాడలేదు. పాలిటెక్నిక్‌లో పిల్లల కోసం రాస్‌ప్‌బెర్రీ పై 4 బోర్డులు తెచ్చాం. దాని మీద కేవీఎం చక్కగా నడుస్తుంది. 'ఏఆర్క్64' డేటా దాని మీద తీసి పంపితే పనికొస్తుందా?

మానేరు_గట్టు | సోమవారం, ఉదయం 9:47

పిల్లలకి నేర్పడానికి చాలా బాగుంటుంది సార్. ఎక్స్86 మీద ఏఆర్ఎం టార్గెట్ బిల్డ్ చేస్తే టీసీజీ జవాబులే వస్తాయి, మీ బోర్డు మీద అసలు కేవీఎం జవాబులు వస్తాయి. కానీ పై 4లో ఇంటరప్ట్ కంట్రోలర్ జిక్-400, అంటే జిక్ వెర్షన్ 2. సర్వర్ బోర్డుల్లో వెర్షన్ 3 ఉంటుంది. క్యూఎముని జిక్ సంగతి అడిగితే ఆ తేడా జవాబులోకి వచ్చేస్తుంది. అందుకని ఉన్న ఫైలుని దానితో మార్చొద్దు. బిల్డ్ కూడా బోర్డు మీదే చేయిస్తే పిల్లలకి సెలవులు అయిపోతాయి, క్రాస్ కంపైల్ చేసి బైనరీ కాపీ చేయండి.

వడ్డేపల్లి_కట్ట | మంగళవారం, సాయంత్రం 5:30

అప్‌డేట్. డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో ఒక రైజెన్ డెస్క్‌టాప్ దొరికింది. దాని మీద బిల్డ్ చేసి తీశాను. డిఫ్ ఇప్పుడు చదవగలిగేలా ఉంది. సీపీయూ భాగంలో కొద్ది లైన్లే మారాయి (కెర్నల్ తేడా అనుకుంటున్నా), మిగతావి స్కీమాలో కొత్త కమాండ్లు, నా ప్రాపర్టీ, ఇంకో మూడు నాలుగు డివైసుల్లో మార్పులు.

ప్యాచ్‌లు రెండుగా విడగొట్టాను. మొదటిది వట్టి డేటా. కమిట్ మెసేజ్‌లో క్యూఎము ఏ కమిట్, ఏ సీపీయూ, ఏ కెర్నల్ అన్నది రాశాను. రెండోది నా కోడ్, దాని వల్ల మారిన ఎక్స్ఎంఎల్‌లో ఒకే ఒక్క ఫ్లాగ్ లైను. సైన్డ్-ఆఫ్-బై పెట్టాను. పంపేయొచ్చా?

కాజీపేట_లోకో | మంగళవారం, సాయంత్రం 6:05

ఆ విభజన సరిగ్గా చేశావు. ఒక్కటే మిగిలింది. డేటా ప్యాచ్ చాలా పెద్దది, అలాగే మెయిల్ చేస్తే సైజు దాటి మోడరేషన్‌లో ఇరుక్కుంటుంది. గిట్‌ల్యాబ్‌లో నీ ఫోర్క్‌లో బ్రాంచ్ పెట్టి, మెయిల్‌లో డిఫ్‌ని కత్తిరించి 'పూర్తి ప్యాచ్ ఈ బ్రాంచ్‌లో' అని రాయి. మెయింటైనర్లు కూడా అలాగే పంపుతారు. సీపీయూ లైన్లు మారిన సంగతి కవర్ లెటర్‌లో ముందే చెప్పు, వాళ్లు అడిగేదాకా ఆగకు. వాళ్ల మెషీన్ మీద వాళ్లే మళ్లీ తీస్తామంటే సరేనను, నీ రెండో ప్యాచ్ అలాగే అతుకుతుంది.

భద్రకాళి_బండ్ | మంగళవారం, సాయంత్రం 6:11

రివ్యూ వచ్చాక లింక్ ఇక్కడ పెట్టు తమ్మీ. మేం కూడా చూస్తాం.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ | మంగళవారం, రాత్రి 11:35

మానేరు అక్కా, లెక్కపెట్టాను. పాత మెషీన్ టైపు మీద ఉన్నవి అనుకున్నదానికంటే ఎక్కువే, అందులో విండోస్ గెస్టులు కూడా ఉన్నాయి. మెషీన్ టైపు మారిస్తే యాక్టివేషన్ అడుగుతుందేమో, నెట్‌వర్క్ కార్డు కొత్తదనుకుంటుందేమో అన్నవి నా భయాలు. అది ఈ థ్రెడ్ సంగతి కాదు కాబట్టి వేరే థ్రెడ్ తెరుస్తున్నా, పొద్దున చూడండి.